ఎత్తూ బరువూ

అయనావరం కల్యాణ మండపంలో మూడో రౌండు.
మేడ మీద మేము, నూట నలభై బోర్డులు.
కింద వంటశాలలో సాయంత్రం రిసెప్షన్‌కి
ఎవరో జీడిపప్పు వేయిస్తున్నారు.

నిన్న రాత్రి ఏడింటికి రెండు పుల్కాలు.
పదిహేడు గంటలైంది.
గుమ్మం దగ్గర బుట్టలో వదిలొచ్చిన ఫోన్లో
ఆకుపచ్చ వలయం నా కోసం నిండుతూ ఉంటుంది.

డాక్టర్ ఎళిలరసి కార్డు మీద రాసింది:
ఎత్తు ఇంత, బరువు ఇంత.
నాకు చిన్నప్పట్నుంచీ తెలిసిన ఎత్తు వేరు.
చూళైలో మా మేనమామ వసారాలో నేర్పినది,
ఎత్తుకు పైఎత్తు, దాని మీద ఇంకో ఎత్తు.
ఆయన చద్దన్నం తినకుండా పావు ముట్టేవాడు కాదు.
ఖాళీ కడుపుతో ఆడితే మంత్రి కూడా బంటేనే, అనేవాడు.
ఆ మాట అన్నప్పుడల్లా కదిలే ఆయన పొట్ట చూసి
నేనూ తమ్ముడూ నవ్వుకునేవాళ్లం.

మొదటి వారం, అబద్ధమెందుకు, అద్భుతంగా ఉండింది.
కడుపు తేలికై
తల తుడిచిన పలకలా తయారైంది.
ఇద్దరు బ్యాంకు ఉద్యోగుల్నీ ఓ ఇంజనీరింగ్ కుర్రాణ్ణీ
పాతిక ఎత్తుల్లోపే ఇంటికి పంపాను.
ఆకలి నా చేతిలో కత్తి అనుకున్నాను.
దానికి పిడి లేదని ఆరో వారానికి గాని తెలీలేదు.

నాలుగున్నర కిలోలు తగ్గాను.
ముప్పై ఏడు రేటింగ్ పాయింట్లు కూడా.
చీర కుచ్చిళ్లు పెరిగాయని ఆఫీసులో మెచ్చుకున్నారు.
రెండో సంగతి ఎవరికి చెప్పను?

ఎదురుగా యాళిని. పదేళ్లుంటాయేమో.
కాళ్లు నేలకందవు.
కుర్చీకి తగిలించిన సంచిలో పెరుగన్నం డబ్బా.

ఇరవై ఆరో ఎత్తు దాకా నాదే పైచేయి.
గుర్రం ఎగరాలి, బంటుని కొట్టాలి, మంత్రిని బెదిరించాలి.
ఒకటి లెక్కపెట్టాను. రెండు. మూడు.
నాలుగో దాని దగ్గర కింద నెయ్యి చిటపటమంది.
మళ్లీ మొదట్నుంచి. ఒకటి. రెండు.
బోర్డు అంచుల్ని ఎవరో లోపలికి మడత పెట్టినట్టు
నడిమి నాలుగు గళ్లే కనిపిస్తున్నాయి.
ఆకలి రుచి ఎరగదంటారు.
దానికి దూరం కూడా తెలీదు.

గుర్రాన్ని ఎత్తాను.

ఆ మూల
పదకొండు ఎత్తులుగా కదలకుండా కూచున్న శకటు
ఏటవాలుగా, నింపాదిగా వచ్చి
ఈ మూల నా ఏనుగుని తీసుకుపోయింది.
ఇంతసేపూ ఆ దారికి తలుపు నా గుర్రమే.
తీసింది నేనే.
యాళిని నా మొహం చూడలేదు.
గడియారం నొక్కి కాళ్లు ఊపుకుంది.

నలభై ఒకటో ఎత్తులో చెయ్యి కలిపాను.
"ఆంటీ, సాప్టీంగళా?" అంది మెల్లిగా.
పల్లీపట్టీ సగం విరిచి ఇచ్చింది.
దాని లెక్క నాకు నోటికొచ్చు, డెబ్బై కేలరీలు.
తిన్నాను.
బెల్లం గొంతు దాటకముందే
బోర్డు మళ్లీ ఎనిమిది గళ్లకి విచ్చుకున్నట్టు తోచింది.
అంత త్వరగా ఏమవుతుంది, భ్రమే అయ్యుంటుంది.

మెట్ల మీద కూచుని స్కోరుషీటు చూశాను.
మొదటి పదిహేను ఎత్తులు గుండ్రటి అక్షరాలు.
ఆ తర్వాత ఒరిగాయి, సన్నబడ్డాయి,
ఇరవై ఆరు దగ్గర రెండుసార్లు కొట్టేసి రాశాను.
నాకు తెలియని సంగతి
చెయ్యి అప్పుడే రాసిపెట్టింది.

మర్నాడు పొద్దున మెషీన్ ఎక్కాను.
మూడొందల గ్రాములు తగ్గాను.
సంతోషమేసింది. అదీ నిజమే.
నాలుగో రౌండు పదింటికి.
ఇడ్లీ పాత్ర మూత అంచున ఆవిరి.
రెండా, మూడా అని
గోడ గడియారం కింద చాలాసేపు నిలబడ్డాను.

ముట్టుకున్న పావుని కదపాల్సిందే. మా ఆటలో అది నియమం.

మూడోదాన్ని ముట్టుకున్నాను.